పది దగ్గర పాతుకుపోయిన గుర్తు

మా పాత పడవ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, స్లోలో బుద్ధిగా ఆడుతుంది. థ్రాటిల్ ముందుకు నెట్టామా, ఇక బడికి బయల్దేరిన పిల్లాడే. మోత పెరుగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, పికప్ మాత్రం ఉండదు.

బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, కార్బురేటర్ విప్పు" అన్నాడు. వాడు ఏ ఇంజిన్‌కైనా ఇదే మందు రాస్తాడు. విప్పాను, కడిగాను, బిగించాను. బిగించాక ఒక వాషర్ మిగిలింది. పికప్ రాలేదు.

అప్పుడు టైమింగ్ మీద, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ మీద, అనుమానమొచ్చింది. అడ్వాన్స్ అంటే మనకు తెలిసింది డబ్బు. ఇచ్చాక తిరిగి రాదు. ఇంజిన్ అడ్వాన్స్ అలా కాదు, వెళ్ళాలి, మళ్ళీ వెనక్కి రావాలి. పెట్రోలు మండటానికి కాస్త టైం పడుతుంది కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ పడాలి. స్పీడ్ పెరిగేకొద్దీ ఇంకా ముందు పడాలి. ఇరుసు తిరిగే లెక్కలో మా ఇంజిన్‌కి స్లోలో 10 డిగ్రీలు ముందు, 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు) దగ్గర 30. ఈ లెక్కంతా చూసుకునేది ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా, అదే డిస్ట్రిబ్యూటర్, దాని లోపలున్న రెండు చిన్న ఇనప బరువులు, రెండు స్ప్రింగులు. తిరిగే జోరుకి బరువులు బయటికి విచ్చుకుంటే రవ్వ ముందుకు జరుగుతుంది. జోరు తగ్గితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాక్కొస్తాయి.

ముందు పాయింట్ల (రవ్వ కోసం కరెంటుని తెంచే చిన్న స్విచ్) గ్యాప్ సరిచేద్దామని డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. టార్చి పట్టుకున్న మా ఆవిడ లోపల మధ్యలో తిరిగే ముక్కని, అదే రోటర్‌ని, వేలితో అటూ ఇటూ తిప్పబోయి, "ఇది కొంచెమైనా కదలట్లేదేంటండీ?" అంది.

"ముట్టుకోకు! అక్కడంతా లెక్క ప్రకారం ఉంటుంది" అన్నాను.

గ్యాప్ పెంచితే టైమింగ్ కూడా కాస్త ముందుకు జరుగుతుంది. అందుకే గ్యాప్ పెట్టాకే టైమింగ్ చూడాలి. నేను టైమింగ్ చూసి, ఆ తర్వాత గ్యాప్ మార్చి, మళ్ళీ టైమింగ్ చూసి, గ్యాప్ నచ్చక ఇంకోసారి మార్చి, ఒక ఆదివారం మొత్తం ఖర్చు పెట్టాను. పైగా స్టార్ట్ చేసిన ప్రతిసారీ పెట్రోలు ఆవిరి బయటికి పోవడానికి ముందు 4 నిమిషాలు బ్లోయర్ వెయ్యాలి. ఆ 4 నిమిషాల్లోనే నాకు కొత్త అనుమానాలు పుట్టేవి.

చీకటి పడ్డాక, ఇంజిన్ వేడెక్కకుండా గొట్టంతో నీళ్ళు పెట్టి, ఒకటో ప్లగ్గు వైరుకి, రవ్వ పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైట్ తగిలించాను. ఆ లైటులో గిరగిరా తిరిగే పుల్లీ, దాని మీది టైమింగ్ గుర్తు ఆగిపోయినట్టే కనిపిస్తాయి. నిజంగానే ఆగిందనుకుని, గుర్తు మీద ఇంకాస్త సుద్ద రాద్దామని చెయ్యి పెట్టాను. సుద్దముక్క ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. వేళ్ళు మాత్రం లెక్కపెట్టుకున్నాను, అన్నీ ఉన్నాయి.

"రేజ్ చెయ్యి!" అని అరిచాను. ఆవిడ చేసింది. గుర్తు, పక్కనున్న డిగ్రీల స్కేలు మీద పది దగ్గరే కూర్చుంది. "ఇంకా!" ఇంజిన్ గోల పెడుతోంది, గుర్తు మాత్రం కదలదు. అప్పుడు తట్టింది నాకొక మహత్తరమైన ఉపాయం. అది ముందుకు రాకపోతే మనమే తీసుకొద్దాం! డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, 3000 మీదే మొత్తం డబ్బాని తిప్పాను. గుర్తు 30కి వచ్చింది. బోల్టు బిగించి, చేతులు తుడుచుకుని, హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే సెల్ఫ్ కొట్టాను. ధన్‌మని శబ్దం. ఇంజిన్ ముందుకు తిరగబోయి వెనక్కి తన్నింది. సెల్ఫ్ మోటార్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. బరువులు కదలనప్పుడు 3000 దగ్గర 30 పెడితే, స్టార్టింగ్‌లోనూ 30 డిగ్రీలే కదా. పాపం, పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే పైనుంచి దెబ్బ పడుతోంది.

ఇక తప్పక డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి పాయింట్ల ప్లేటు కింద చూశాను. తడిగాలికి బరువులు వాటి పిన్నుల మీదే తుప్పుపట్టి అతుక్కుపోయాయి. తుప్పు వదిలే నూనె పోసి, ఒక పూట నానబెట్టి, బ్రష్‌తో గీకి, పిన్నుకి ఒక్కో చుక్క ఆయిల్ వేశాను. అదృష్టం, స్ప్రింగులు బాగానే ఉన్నాయి. మళ్ళీ బిగించి, స్లోలో 10 పెట్టి రేజ్ చేస్తే, గుర్తు మెట్లెక్కినట్టు 30 దాకా వెళ్ళి, థ్రాటిల్ వదలగానే పదికి దిగింది.

ఆ ఊపులో ఇంజిన్ ఆపి, మూత తీసి, మా ఆవిడని పిలిచాను. "చూడు, అసలు పరీక్ష ఇది. రోటర్‌ని ఇలా వేలితో తిప్పితే కొంచెం కదలాలి, వదిలితే టక్కున వెనక్కి రావాలి. రెండు సెకన్ల పని. లైటు కూడా అక్కర్లేదు."

ఆవిడ రోటర్ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా?" అంది.