పల్లిసభ ఒట్టి తంతేనా?

ఒడిశాలో ఊరి ఓటర్లంతా కూర్చుని తేల్చుకునే సభను పల్లిసభ అంటారు. అక్కడి రాయగడ వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పల్లిసభలు, గ్రామసభలు సర్కారు బలవంతాన నడిపే తంతు. జనం రారు. వచ్చినా చదువురానివాళ్ళకు ఏం తెలుస్తుంది? తెలిసినా వాళ్ళ మాట వినేదెవరు?"

జనం రారన్న మాటలో సగం నిజముంది. మా ఊళ్ళో ఒకసారి పల్లిసభ అంటే రిజిస్టరే ఇంటింటికీ తిరిగింది. రాత ఒడియాలో ఉంది. మా పిన్ని ఒడియా గలగలా మాట్లాడుతుంది గాని లిపి చదవలేదు. రేషను గురించేమో అనుకుని వేలిముద్ర వేసింది. సభే పెట్టకుండా జనం రాలేదంటే ఎలా? అడవి హక్కుల విషయంలోనైతే 2012లో సవరించిన నియమాలు సగం మందైనా హాజరవ్వాలని, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలని చెప్తున్నాయి. గుమ్మంలోకొచ్చిన రిజిస్టరుకు కోరం ఎక్కడిది?

ఇక చదువు. నియమగిరి కొండను పక్కనే పెట్టుకుని ఈ మాట ఎలా అనబుద్ధయిందో! ఆ కొండ మీద తలపెట్టిన బాక్సైట్ గని సంగతి గ్రామసభల ముందు పెట్టమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. కొండ మీద ఊళ్ళు చాలానే ఉన్నా, ప్రభుత్వం ఎంచుకున్నది రాయగడ, కలహండి జిల్లాల్లో కలిపి 12. తక్కువైతే పని సులువనుకున్నారో ఏమో. జిల్లా జడ్జి స్థాయి అధికారులు దగ్గరుండి చూశారు. జులై, ఆగస్టు వానల్లో ఒక్కో ఊరే వద్దంటూ వచ్చింది. పన్నెండుకి పన్నెండూ. కొండదేవుడు నియమరాజాను కొలిచే డోంగ్రియా కోంధు గిరిజనులకు ఆ కొండలో ఏ వాగు ఎక్కడ పుడుతుందో తెలిసినంత, మెసేజ్ రాసినాయనకు తెలుసా?

వినేదెవరంటారా? 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గనికి అనుమతి నిరాకరించింది. మళ్ళీ గ్రామసభలు పెట్టనివ్వమంటూ 2016లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టు గడప తొక్కింది. కోర్టు కొట్టేసింది. ఒట్టి తంతే అయితే రెండోసారి జరిపించాలని అంత ఆరాటం దేనికి?

బలవంతం మాటకొస్తే, చట్టం బలవంతపెట్టేది జనాన్ని అడగమని అధికారిని. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెంధా లేఖా ఊరికి 2009లో గ్రామసభ ద్వారానే అడవి మీద సామూహిక హక్కు దక్కింది. అదే జిల్లా సిరొంచలో చుట్టాలుంటే అడిగి చూడండి.

పోయినసారి రిజిస్టరు వస్తే పిన్ని వేలు చాపలేదు. "సభ ఎక్కడ బాబూ, ఎన్నింటికి?" అంది. తెచ్చిన కుర్రాడు రిజిస్టరు మూసుకుని పక్కింటికి పోయాడు.