లాస్ ఏంజెలెస్ 1992: ఫార్వర్డ్‌లో ఉన్నదొకటి, జరిగింది ఇంకొకటి

అమెరికాలో ఎక్కడ అల్లర్లు జరిగినా ఒక మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతుంది. "1992లో లాస్ ఏంజెలెస్‌లో ఒక వీడియో ముక్క చూసి నల్లవాళ్లు రెచ్చిపోయారు. నాయకులు పోలీసుల చేతులు కట్టేశారు. కొరియన్లు తుపాకులు పట్టుకుని మేడలెక్కి దుకాణాలు కాపాడుకున్నారు. చివరికి సైన్యం దిగాక గంటల్లో సర్దుకుంది." నాలుగింట్లోనూ రవ్వంత నిజముంది. అందుకే ఇన్నేళ్లుగా చెల్లుబాటవుతోంది.

"వీడియో ముక్క చూసి"

ఆ వీడియోలో ఉన్నది రాడ్నీ కింగ్ అనే నల్లవాణ్ణి పోలీసులు లాఠీలతో కొట్టడం. అది జరిగింది 1991 మార్చి 3న. నగరం అంటుకున్నది 1992 ఏప్రిల్ 29న. మధ్యలో దాదాపు పద్నాలుగు నెలలు జనం కోర్టు ఏం చెబుతుందా అని చూశారు. కింగ్ తాగి కారు నడిపాడు, ఆపమంటే ఆపకుండా పారిపోయాడు. అతను ఒక పోలీసు వైపు దూసుకొచ్చిన మొదటి క్షణాలు టీవీల్లో చాలాసార్లు కత్తిరించే వేశారు. ఇవన్నీ నిజమే. కానీ ఆ తర్వాత నేలమీద పడి ఉన్న మనిషికి తగిలిన పదుల దెబ్బలు కూడా అదే టేపులో ఉన్నాయి. కొట్టిన పోలీసుల మీద కేసును నగరం నుంచి పక్క కౌంటీ (జిల్లా లాంటిది)లోని సిమీ వ్యాలీకి మార్చారు. పన్నెండు మంది జ్యూరీలో పదిమంది తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒక్కరూ లేరు.

మెసేజ్ చెప్పని ఇంకో కేసుంది. కింగ్ ఘటన జరిగిన పదమూడు రోజులకే 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయి లటాషా హార్లిన్స్‌ను ఒక కొరియన్ దుకాణదారు తల వెనుక కాల్చి చంపింది. గొడవ 1.79 డాలర్ల ఆరెంజ్ జ్యూస్ సీసా గురించి. పిల్ల చేతిలో రెండు డాలర్లున్నాయి. జ్యూరీ నేరం రుజువైందంది, జడ్జి మాత్రం జైలు లేకుండా ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 500 డాలర్ల జరిమానాతో సరిపెట్టింది. ఆ శిక్షను అప్పీలు కోర్టు ఖరారు చేసింది అల్లర్లకు దాదాపు వారం ముందు. కొరియన్ దుకాణాల మీద అంత కసి ఎక్కడిదని అడిగేవాళ్లు ముందు ఇది చదవాలి.

"పోలీసుల చేతులు కట్టేశారు"

కట్టినవాళ్లెవరు? లాస్ ఏంజెలెస్ పోలీసు చీఫ్ డారిల్ గేట్స్ 1978 నుంచి ఆ కుర్చీలోనే ఉన్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం మేయర్ కూడా ఆయన్ను తీసేయలేడు. ఏడాదికి పైగా మేయర్ టామ్ బ్రాడ్లీకీ ఆయనకూ మాటల్లేవు. గొడవ జరగొచ్చని తెలిసి ఓవర్‌టైమ్ కోసం పది లక్షల డాలర్లు పక్కన పెట్టారు. డబ్బు ఉంది, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే ప్లాన్ లేదు.

ఆ సాయంత్రాన్ని గంటల లెక్కన చూడండి. మధ్యాహ్నం 3:15కి తీర్పు: కింగ్‌ను కొట్టిన పోలీసులను దాదాపు అన్ని ఆరోపణల్లోనూ నిర్దోషులుగా వదిలేశారు. అయిదున్నర ప్రాంతంలో ఫ్లోరెన్స్, నార్మండీ వీధుల కూడలి దగ్గర పాతికమందికి పైగా పోలీసులు రాళ్ల వర్షంలో నిలబడ్డారు. వాళ్లను వెనక్కి రమ్మన్నది వాళ్ల లెఫ్టినెంటే. చిన్న జట్టు, గుంపు పెద్దది, కాబట్టి వెనక్కి తగ్గడం వరకూ తప్పనలేం. తప్పు తర్వాత జరిగింది. బలగం కూడగట్టుకుని తిరిగి వెళ్లాలి కదా, వెళ్లలేదు. కూడలి చుట్టూ రోడ్లు మూయలేదు, ట్రాఫిక్ మళ్లించలేదు. కార్లు, లారీలు నేరుగా గుంపు మధ్యలోకే వస్తూ పోయాయి. అలా వచ్చిన లారీ డ్రైవర్ రెజినాల్డ్ డెన్నీని 6:46కి కిందికి లాగి ఇటుకతో తల పగలగొట్టడం హెలికాప్టర్ కెమెరాలో దేశమంతా చూసింది. పోలీసులు రాలేదు. ఆయన్ను ఆసుపత్రికి చేర్చింది టీవీలో చూసి పరుగెత్తుకొచ్చిన నలుగురు స్థానిక నల్లవాళ్లు. ఆ సమయానికి చీఫ్ ఒక విందుకు బయల్దేరాడు. జనం ఓటుకు రానున్న పోలీసు సంస్కరణల ప్రతిపాదనను ఓడించడానికి చందాలు వసూలు చేసే విందది!

"నల్లవాళ్లు తగలబెట్టారు, కొరియన్లు కాపాడుకున్నారు"

అల్లర్లు మొదలైన సౌత్ సెంట్రల్ ప్రాంతం జనాభాలో అప్పటికే సగం దాకా లాటినోలు. అరెస్టయిన వాళ్లలోనూ పెద్ద వాటా వాళ్లదే. ఇక మేడమీది తుపాకుల ఫొటో అబద్ధం కాదు. రేడియో కొరియా పాటలు ఆపేసి, ఎక్కడ సాయం కావాలో ప్రసారం చేసింది. అయినా కాలిపోయినవీ దోపిడీకి గురైనవీ కలిపి రెండువేలకు పైగా కొరియన్ దుకాణాలు దెబ్బతిన్నాయి. చనిపోయిన ఒకే ఒక్క కొరియన్ కుర్రాడు, 18 ఏళ్లవాడు, కాపలాకు వెళ్లి చీకట్లో పొరపాటున తనవాళ్ల తూటాకే బలయ్యాడు. తర్వాత చాలామంది దుకాణదారులకు తెలిసిందేమిటంటే, చవగ్గా దొరికిందని తీసుకున్న బీమా, లైసెన్సు లేని విదేశీ కంపెనీలది. క్లెయిములు చాలావరకు రాలేదు. ఈ అల్లర్లకు కొరియన్లు పెట్టుకున్న పేరు 'సా ఇ గు', అంటే నాలుగు, రెండు, తొమ్మిది. ఆ తారీఖే.

"సైన్యం దిగాక గంటల్లో"

మొదట వచ్చింది నేషనల్ గార్డ్, అంటే రాష్ట్ర గవర్నర్ పిలిస్తే వచ్చే రిజర్వు బలగం. రాత్రి తొమ్మిదికి పిలుపు అందింది, తెల్లారేసరికి మనుషులు సిద్ధం. తూటాలు మాత్రం క్యాంప్ రాబర్ట్స్ నుంచి హెలికాప్టర్‌లో మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. ఫెడరల్ (కేంద్ర) సైనికులు, మెరీన్లు వీధుల్లోకి వచ్చేసరికి మంటల ఉధృతి తగ్గిపోయింది. పైగా గార్డ్‌ను ఫెడరల్ ఆధీనంలోకి తీసుకున్నాక, పోలీసులు అడిగే ప్రతి సాయాన్నీ 'ఇది సైన్యం పనా, పోలీసు పనా' అని పరిశీలించడం మొదలైంది. అంతకుముందు అడిగిందల్లా చేసినవాళ్లు, ఆ తర్వాత చాలావాటికి కాదన్నారు.

కాంప్టన్‌లో ఒక ఇంట్లో మొగుడూపెళ్లాల గొడవకు పోలీసులు, తోడుగా మెరీన్లు వెళ్లారు. తలుపు లోంచి చిన్న గుళ్ల షాట్‌గన్ పేలింది. పోలీసు "కవర్ మీ" అని అరిచాడు. పోలీసు భాషలో దానికర్థం తుపాకీ గురిపెట్టి సిద్ధంగా ఉండమని. మెరీన్ల శిక్షణలో కాల్పులు మొదలుపెట్టమని. ఆ ఇంటి మీద రెండు వందలకు పైగా తూటాలు పేలాయి. లోపల పిల్లలున్నారు. ఎవరికీ తగల్లేదు.