సవరణ: మెన్సా అంటే శుక్రవారం కాదు

ఘానా ఇంటిపేర్ల గురించిన నా పోస్టులో ‘మెన్సా’ అంటే శుక్రవారం పుట్టినవాడని రాశాను. తప్పు. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ. మెన్సా అంటే మూడో కొడుకు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరులోని ‘అన్నన్’ కూడా ఇలాంటిదే, నాలుగో సంతానం అని. (మన ‘అన్న’తో సంబంధం లేదు!) పుట్టిన వరుసను చెప్పే పేరే తర్వాత ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి మెన్సాలందరూ ఒకే వంశం అనుకోవడానికి లేదు.

ఇంకోటి. విదేశాల్లో మెన్సా కనిపిస్తే ఘానా మూలాలేనని తేల్చేశాను. ఘానాలోని అకాన్ జాతివాళ్లతో పాటు ఎవే జాతి ప్రజల్లోనూ ఈ పేరుంది, ఎవేలు పక్క దేశం టోగోలోనూ ఉన్నారు. పారిస్‌లోని మెన్సా టోగో మూలాలవాడూ కావచ్చు. హాంబర్గ్‌లోని సముద్ర చట్టాల ట్రిబ్యునల్ తొలి అధ్యక్షుడు థామస్ మెన్సా మాత్రం ఘానావారే. పోస్టులో ఆయన గురించి రాసిన వాక్యం సరైనదే, అలాగే ఉంచాను.