క్యాన్సర్ కడుపు మాడిస్తే సరిపోతుందా?

పంచదార మానేస్తే క్యాన్సర్ దానంతట అదే మాడి చస్తుందన్న సలహా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. పూర్తి అబద్ధమైతే తీసి పారేయొచ్చు. ఇందులో కాస్త నిజం ఉంది, చిక్కంతా అక్కడే.

క్యాన్సర్‌ను వెతికే పెట్ స్కాన్‌కి వెళ్లినవాళ్లకు తెలుసు. గ్లూకోజ్‌ను పోలిన రేడియోధార్మిక పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, సుమారు గంటసేపు కదలకుండా పడుకోమంటారు. మాట్లాడొద్దని కూడా చెబుతారు. మాట్లాడితే గొంతు కండరాలు ఆ గ్లూకోజ్‌ను లాక్కుని స్కాన్‌లో వెలుగుతాయి. మెదడు, మూత్రాశయం ఎలాగూ వెలుగుతాయి. వెలగకూడని చోట వెలుగు కనిపిస్తేనే డాక్టర్ కళ్లు అక్కడ ఆగుతాయి, గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కునే క్యాన్సర్ గడ్డ అక్కడ ఉండొచ్చు కాబట్టి.

గడ్డలకున్న ఈ ఆకలిని 1920లలోనే జర్మనీ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ పసిగట్టాడు. ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా క్యాన్సర్ కణం గ్లూకోజ్‌ను చివరిదాకా మండించదు, లాక్టిక్ యాసిడ్ దగ్గరే వదిలేస్తుంది. పూర్తిగా మండిస్తే ఒక్కో అణువుకు 30 దాకా ఏటీపీలు (కణం వాడుకునే శక్తి నాణేలు) వచ్చేచోట, 2తో సరిపెట్టుకుంటుంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా చెడిపోవడమే కారణమని వార్‌బర్గ్ అనుకున్నాడు. అక్కడ పొరబడ్డాడు, చాలా గడ్డల్లో అవి పనిచేస్తూనే ఉంటాయి. వేగంగా విభజన చెందే కణానికి శక్తి ఒక్కటే చాలదు, కొత్త కణాన్ని కట్టే ముడిసరుకూ కావాలి, గ్లూకోజ్‌లో కొంత దానికే పోతుంది.

అయితే క్యాన్సర్ కణం ఏం తింటుందన్నదానికన్నా, ఏం బయటపడేస్తుందన్నదే నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్‌కి మరో రూపం), దాంతో పాటు ఆమ్లం చుట్టుపక్కలకి చేరతాయి. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. మామూలుగా 7.4 దగ్గర ఉండాల్సిన అది గడ్డలో 6.7కి దిగిందనుకోండి. అంకె చూస్తే చిన్న తేడానే, ఆమ్లత మాత్రం 5 రెట్లు పెరిగినట్టు. రక్తనాళం నుంచి ఆక్సిజన్ 100, 200 మైక్రాన్లకు మించి చేరదు కాబట్టి, లోలోపలి కణాలకు ఊపిరీ సరిగా ఆడదు.

క్యాన్సర్‌తో పోరాడాల్సిన టి కణం (ఒక రకం రోగనిరోధక కణం) దిగేది ఈ చోటుకే. రంగంలోకి దిగిన టి కణం కూడా క్యాన్సర్ కణంలాగే గ్లూకోజ్‌ను గబగబా మింగి లాక్టేట్ వదులుతుంది. బయటే లాక్టేట్ నిండిపోయి ఉంటే తనది ఎక్కడ వదలాలి? లోపలే పేరుకుపోతుంది, పోరాటం నీరుగారిపోతుంది. మరోపక్క రోగనిరోధక స్పందనను అణచే రెగ్యులేటరీ టి కణాలు అదే లాక్టేట్‌ను ఇంధనంగా వాడుకోగలవు. దాని ప్రభావంతో మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) కూడా దాడి మాని మరమ్మతు పనులకు దిగుతాయి, కొత్త రక్తనాళాలు మొలవడానికి సాయపడతాయి. శత్రువుకి ఇల్లు కట్టిపెట్టడమే ఇది.

ఇంతా చెప్పి, క్యాన్సర్ కణమే గ్లూకోజంతా దోచేస్తోందని తేల్చేయలేం. ఎలుకల గడ్డలపై 2021లో వచ్చిన పరిశోధనలో, కణానికి కణం లెక్కన గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కున్నవి మాక్రోఫేజ్‌ల వంటి మైలాయిడ్ కణాలని తేలింది. క్యాన్సర్ కణాలు ముందుండేది గ్లుటమైన్ అనే అమైనో ఆమ్లం వాడకంలో. పెట్ స్కాన్‌లో కనిపించే వెలుగంతా క్యాన్సర్ కణాలదే అనుకోనక్కర్లేదన్నమాట.

అందుకే పంచదార సలహా నాకు మింగుడుపడదు. తీపి మానేసినా రక్తంలో గ్లూకోజ్‌ను కాలేయం నిలబెడుతూనే ఉంటుంది. ఒకవేళ నిజంగానే గడ్డకు గ్లూకోజ్ అందకుండా చేయగలిగినా, టి కణం నోటి దగ్గర కూడు కూడా లాగేసినట్టే. బరువు తగ్గిపోతున్న రోగికి తిండి మీద ఆంక్షలు పెట్టడం వల్ల జరిగే నష్టం వేరే.

మందుల విషయంలోనూ ఇదే చిక్కు. టి కణాలకు కావాల్సిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ఐడీఓ అనే ఎంజైమ్ విడగొట్టేస్తుంది. ఆ ఎంజైమ్‌ను ఆపే ఎపకడోస్టాట్ అనే మందుపై ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగులపై చేసి, 2018లో ఫలితాలు వెలువడిన మూడో దశ ట్రయల్‌లో, ఇమ్యూనోథెరపీకి (రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే చికిత్సకు) దాన్ని జతచేసినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. కానీ ఒక రకం లుకేమియా (రక్త క్యాన్సర్)లో ఆస్పరాజినేజ్ అనే మందు దశాబ్దాలుగా పనిచేస్తోంది. రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని అది విడగొట్టేస్తుంది. మామూలు కణాలు తమకు కావాల్సింది తామే తయారుచేసుకుంటాయి, ఆ లుకేమియా కణాలకు చాలావరకు ఆ నేర్పు లేదు. గ్లూకోజ్ విషయంలో అలాంటి తేడా ఇంకా దొరకలేదు.