‘అడ్మిన్123’ కాపలా

గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి. వైద్య పరీక్షల గదిలో సీసీ కెమెరా. గర్భిణులను పరీక్షిస్తున్న, ఇంజెక్షన్లు చేస్తున్న దృశ్యాలు యూట్యూబ్‌కెక్కి, టెలిగ్రామ్‌లో అమ్మకానికి వచ్చిన సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అక్కడి కెమెరాల పాస్‌వర్డ్ ‘అడ్మిన్123’ అని ఆ తర్వాత పత్రికల్లో వచ్చింది. ఆ గదిలో అసలు కెమెరా ఎందుకన్నది వేరే ప్రశ్న, దాన్నీ వదిలేయకూడదు. ఈ పూట మాత్రం ఆ పాస్‌వర్డ్ గురించే మాట్లాడతాం. మన అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఉన్న డీవీఆర్‌కూ, అంటే కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టెకూ, బహుశా అదే ఉండి ఉంటుంది.

కెమెరాలు బిగించే రోజు ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. కుర్రాడు నిచ్చెనెక్కి నాలుగు కెమెరాలు బిగిస్తాడు, వైర్లు లాగి డీవీఆర్‌కు కలుపుతాడు. సెక్రటరీగారి ఫోన్ అడిగి తీసుకుని యాప్ వేసి, "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?" అంటాడు. "నీ ఇష్టం బాబూ, గుర్తుండేలా పెట్టు" అంటారాయన. కుర్రాడు అన్నిచోట్లా పెట్టేదే ఇక్కడా పెట్టేసి, ఎవరూ మర్చిపోకుండా డీవీఆర్ మీద మార్కర్‌తో రాసి పోతాడు. రేపు రిపేరొస్తే సులువని తన నంబరుతోనే ఖాతా తెరిచేవాళ్లూ ఉన్నారు. గేటుకు ఖరీదైన తాళం కొని, తాళంచెవి ఆ గేటుకే వేలాడదీసినట్టు.

డబ్బు దగ్గర మనం ఇంత ఉదారంగా ఉండం. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తనిఖీ ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచే అమలు చేసింది. మొదట్లో విసుక్కున్నవాళ్లమే, ఇవాళ ఓటీపీ రాకపోతే టెన్షన్ పడుతున్నాం. కెమెరా యాప్‌లకూ ఇదే పద్ధతి ఉంది. పాస్‌వర్డ్ కొట్టాక, ఫోన్‌కొచ్చే కోడ్ కూడా కొడితేనే తలుపు తెరుచుకుంటుంది. చాలా యాప్‌లలో ఈ ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ సెట్టింగుల్లో ఏదో మూలన పడి ఉంటుంది. వెతికి ఆన్ చేసే ఓపిక ఎందరికి?

2019 డిసెంబరులో అమెరికాలోని మిసిసిపీలో, ఎనిమిదేళ్ల పాప పడకగదిలో పెట్టిన ‘రింగ్’ అనే కంపెనీ కెమెరాలోంచి ఎవడో "నేను శాంటాక్లాజ్‌ని" అంటూ ఆ పిల్లను పలకరించాడు. కెమెరా పెట్టి నాలుగు రోజులే. రెండో తనిఖీ సౌకర్యం అప్పటికే ఉంది, ఆ ఇంట్లో ఆన్ చేసుకోలేదు. రెండు నెలలకు, 2020 ఫిబ్రవరిలో, కంపెనీ దాన్ని అందరికీ తప్పనిసరి చేసింది. ఇక్కడ కెమెరాలు అమ్ముతున్న కంపెనీలూ ఆ పనే చేయాలి. కొన్నవాడి తెలివికి వదిలేసి చేతులు దులుపుకోవడం మాకు సమ్మతం కాదు.

కోడ్ ఒక్కటీ సర్వరోగ నివారిణి అని మేం అనడం లేదు. పాత డీవీఆర్‌ను రూటర్‌లో పోర్టు, అంటే బయటివాళ్లు నేరుగా లోపలికొచ్చే దారి, తెరిచి ఇంటర్నెట్‌కు వదిలేస్తే, యాప్‌లో ఎన్ని కోడ్‌లు పెట్టినా దండగే. వచ్చేవాడు యాప్ దారిన రాడు. 2016లో మిరాయ్ అనే కంప్యూటర్ వైరస్, కంపెనీలు తయారీలోనే పెట్టి పంపే పాస్‌వర్డ్‌ల చిట్టా పట్టుకుని లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను, రూటర్లను లొంగదీసుకున్నది ఇలాంటి దొడ్డిదారినే. ఇక ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అమెరికాలోనే ఒక సెక్యూరిటీ కంపెనీ టెక్నీషియన్ కస్టమర్ల ఖాతాల్లో తన ఈమెయిల్ కలుపుకొని, నాలుగున్నరేళ్లలో 9,600 సార్లకు పైగా వాళ్ల ఇళ్లలోకి తొంగిచూశాడు. 2021లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఖాతాలో ఎవరెవరి పేర్లున్నాయో అప్పుడప్పుడూ తెరిచి చూసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

"కోడ్ సెక్రటరీ ఫోన్‌కే వస్తుంది. ఆయనేమో డాలస్‌లో కొడుకు దగ్గరున్నాడు. అర్ధరాత్రి బైక్ పోతే ఎవరు చూడాలి?" అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. అయిదుగురు కలిసి ఒకే పాస్‌వర్డ్ వాడటం వల్ల వచ్చిన చిక్కిది. ఎవరి ఖాతా వారికిచ్చి, కొందరికి చూసే అనుమతి మాత్రమే ఇచ్చే వీలు చాలా యాప్‌లలో ఉంది. వాచ్‌మన్‌కు లైవ్ కనిపిస్తే చాలు, రికార్డింగ్ చెరిపే అధికారం దేనికి?

కేంద్రం 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. మంచిదే, కాకపోతే అది కొత్త సరుకుకు. ఇప్పటికే గోడలకున్న వాటి మాటేమిటి? జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టాల్సిందేనని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. హైదరాబాద్ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీలను ఒప్పించి మరీ పెట్టించారు. పెట్టించిన చేతులే ఇంకో పని చేయాలి. కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికొచ్చిన కానిస్టేబుల్, పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు, టూ స్టెప్ ఆన్‌లో ఉందా అని కూడా అడగాలి. ఆసుపత్రుల్లో, లేడీస్ హాస్టళ్లలో, బట్టల దుకాణాల్లో మొహమాటం లేకుండా అడగాలి.

ఇది రాసేముందు మా ఆఫీసు కెమెరాల సంగతీ కనుక్కున్నాం. బిగించిన రోజు పెట్టిన పాస్‌వర్డే. అదే రోజు మార్పించాం, కోడ్ కూడా పెట్టించాం. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే, ఆ పని మానేసి రెండేళ్లయిందన్నాడు. మా గేటు మాత్రం నిన్నటిదాకా అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉందట.