వైఫై రాకపోతే డిస్ట్రో మార్చేస్తారా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలంటుంది, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే రానిస్తానంటుంది. దాంతో ఇంట్లో పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లు చాలామంది అడుగుతున్నది ఒకటే: విండోస్‌కి బదులు లైనక్స్ వేసుకోవాలంటే అందులో ఏ రకం (దాన్నే డిస్ట్రో అంటారు) వేసుకోవాలి? ఒకరు ఉబుంటు అంటారు, ఇంకొకరు ఛీ, అందులో యాప్‌లు వేసే స్నాప్ పద్ధతి ఉంది, మింట్ వేసుకో అంటారు, మూడో ఆయన వచ్చి ఆర్చ్ వేస్తేనే లైనక్స్ నేర్చుకున్నట్టు అని లెక్చర్ మొదలుపెడతాడు. సాయంత్రానికి బోలెడు పేర్లు పోగవుతాయి. ఆ లాప్‌టాప్‌లో ఏ వైఫై చిప్ ఉందని మాత్రం ఒక్కరూ అడగరు.

అడగాల్సింది అదే. వైఫైని నడిపేది కెర్నెల్‌లోని, అంటే లైనక్స్ గుండెకాయలోని డ్రైవర్, దానికి తోడు చిప్‌లోకి ఎక్కే ఫర్మ్‌వేర్ ఫైలు. ఉబుంటు, మింట్, జోరిన్ పైకి ఎంత వేరుగా కనిపించినా కింద ఉన్నది ఇంచుమించు ఒకే సరుకు. అందుకే మింట్‌లో సిగ్నల్ సరిగా లేదని జోరిన్‌కి మారినవాళ్లకి అక్కడా అదే గతి పడుతుంది. ఉదాహరణకి కొన్ని చవక లాప్‌టాప్‌లలో ఉండే రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ చిప్ తీసుకోండి. చాలా మోడళ్లలో దానికి ఒక్క యాంటెన్నానే తగిలిస్తారు, డ్రైవర్ ఏమో రెండో వైపు వెతుకుతూ కూర్చుంటుంది. రౌటర్ పక్కన కూర్చుంటే నెట్ వస్తుంది, పక్క గదిలోకి వెళ్తే పోతుంది. ఆ డ్రైవర్‌కి ఏ యాంటెన్నా వాడాలో చెప్పే యాంట్ సెల్ (ant_sel) అనే ఆప్షన్ ఉంది, దాన్ని 2 అని (కొన్నిటికి 1 అని) ఒక కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైను రాసి రీస్టార్ట్ చేస్తే సిగ్నల్ నిండుగా వస్తుంది. ఈ ఒక్క లైను తెలియక వరసపెట్టి నాలుగు డిస్ట్రోలు ఫార్మాట్ కొట్టేవాళ్లు ఉన్నారు.

మీ చిప్ ఏదో తెలియాలంటే టెర్మినల్‌లో (కమాండ్‌లు టైప్ చేసే కిటికీలో) lspci -nnk అని కొట్టండి. వైఫై కార్డు పేరు, దాని కోడు, కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైను కనిపిస్తాయి. ఆ లైను లేకపోతే కార్డుని ఏ డ్రైవరూ పట్టుకోలేదని. ఉందంటే రోగం ఇంకెక్కడో ఉంది. సాయం అడిగేటప్పుడు ఈ రెండు మూడు లైన్లు ముందు పెడితే జవాబిచ్చేవాళ్లకి పని సగం తగ్గుతుంది, 'వైఫై రావట్లేదు బ్రో, అర్జెంట్' అంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

అలాగని డిస్ట్రోలన్నీ ఒకటే అనను. తేడా ఉంది, కాకపోతే అందరూ కొట్టుకునే చోట కాదు. మొదటి తేడా కెర్నెల్ ఎంత కొత్తదనేది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్నది 6.1 కెర్నెల్, దాని తర్వాత మార్కెట్లోకి వచ్చిన వైఫై చిప్, గ్రాఫిక్స్ దానికి తెలియకపోతే అది దాని తప్పు కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఆ లెక్కని 6.12 దాకా తెచ్చింది. ఫెడోరా దాదాపు ఆర్నెల్లకో వెర్షన్ తెస్తుంది, మధ్యలో కూడా కెర్నెల్ మారుస్తూనే ఉంటుంది, కానీ ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలే అప్‌డేట్లు. అందుకే నేను ముందు లాప్‌టాప్ వయసు అడుగుతాను. 2017 నాటిదా, కళ్లు మూసుకుని మింట్ 22 వేసుకోండి, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మొన్ననే కొన్నదా, ఫెడోరా చూడండి. ఆర్చ్ తీరిక ఉన్నవాళ్లకి.

రెండో తేడా, మీ పని ఎవరు చేసిపెడతారనేది. బ్రాడ్‌కామ్ బీసీఎం43142 చిప్ ఉంటే మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తనే చూపిస్తుంది. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే వేరే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) కలుపుకోవాలి. వైఫై డ్రైవర్ దించుకోవడానికే నెట్ కావాలి కదా అంటారా, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, చాలు. ఫెడోరాలో కొన్ని వీడియోలు ఆడకపోవడం కూడా ఇలాంటిదే. వీడియో ఆడించే కోడెక్‌లలో పేటెంట్ల గొడవ ఉన్నవి వాళ్లు కావాలనే పెట్టరు, వాటికీ ఆర్‌పీఎం ఫ్యూజనే గతి.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్నవాళ్ల సంగతి ఇంకోటి. గుర్తింపు లేని డ్రైవర్లని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచి ఉబుంటులో డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీస్టార్ట్‌లో నీలం రంగు స్క్రీన్ వచ్చి కొన్ని సెకన్లు ఆగుతుంది. అక్కడ 'ఎన్‌రోల్ ఎమ్‌ఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. అదేదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ కొట్టేస్తారు, డ్రైవర్ లోడ్ అవ్వదు, ఉబుంటు వేస్ట్ అని పేరు పడుతుంది.

విండోస్ పక్కనే లైనక్స్ పెట్టుకుంటే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు తేడా చూపించొచ్చు. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ అనే అంతర్జాతీయ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. విండోస్‌లో పూర్తిగా ఆగకుండా త్వరగా లేచే ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే డీ డ్రైవ్ లైనక్స్‌లో తెరుచుకున్నా, ఏదీ సేవ్ చేయనివ్వకపోవచ్చు. వీటికీ డిస్ట్రోకీ సంబంధం లేదు.

డిస్ట్రో మార్చినా తీరనివి కొన్ని నిజంగానే ఉన్నాయి. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో బాగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ2900 ప్రింటర్ క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో నడుస్తుంది, లైనక్స్‌లో దాన్ని నిలబెట్టడం పెద్ద టెన్షన్. అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసే డీటీపీ వాళ్లకి విండోస్ ఉంచుకోమనే చెబుతాను. యూనికోడ్‌లో టైప్ చేసేవాళ్లకి ఆ బాధ లేదు, లైనక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌కి ఎం17ఎన్ అనే ప్యాకేజీ తగిలిస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా దొరుకుతుంది. ఏదైనా, ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపి చూపించే లైవ్ యూఎస్‌బీలో బూట్ చేసినప్పుడు డెస్క్‌టాప్ అందం చూసి మురిసిపోకుండా మీ ప్రింటర్‌లో ఒక తెలుగు పేజీ తీసి చూడండి. అది వచ్చేదాకా ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకండి.