మూకుడు అడుగున ఇల్లరికం ఉన్న క్యారీబ్యాగ్ గారికి

మహారాజశ్రీ క్యారీబ్యాగ్ గారికి,

బెజవాడ సత్యనారాయణపురం నుంచి మూకుడు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది కానీ, ప్రస్తుతం కుశలంగా ఉన్నది తమరొక్కరే.

మొన్న ఆదివారం వంకాయ వేపుడు దించి, మూకుడు తిన్నగా స్టవ్ గట్టు మీద పెట్టేశాను. అక్కడ తమరు పవళించి ఉన్నారని నాకేం తెలుసు? చుయ్‌మని ఒక్క మాటైనా అనలేదు. కమురు వాసన వచ్చాక మూకుడు ఎత్తితే మీరూ లేచారు, తీగపాకంలా సాగుతూ. అరచేతి మేర అడుగంతా పరుచుకుని, కొట్టువాళ్ళు మీ ఒంటిమీద ఎర్రగా అచ్చేయించిన ‘మళ్ళీ దయచేయండి’తో సహా స్థిరపడిపోయారు. సంక్రాంతి అల్లుడైనా కనుమ దాటాక బట్టలు సర్దుకుంటాడండీ.

నాదో ధర్మసందేహం. అదే వారం బీసెంట్ రోడ్డులో కిలో టమాటాలు మోయలేక నడిరోడ్డు మీద చిరిగిపోయింది మీ తోబుట్టువే కదా? టమాటాల దగ్గర లేని పట్టుదల స్టీలు దగ్గర ఎక్కడినుంచి వచ్చింది?

పైగా లెక్క ప్రకారం తమరు పుట్టనే కూడదు. 75 మైక్రాన్ల కంటే పల్చని క్యారీబ్యాగులు 2021 సెప్టెంబర్ 30 నుంచి చెల్లవన్నారు. 2022 డిసెంబర్ 31 నుంచి ఆ హద్దు 120కి పెంచారు. మిమ్మల్ని కళ్ళకు అడ్డం పెట్టుకున్నా ఎదురింటి టీవీలో సీరియల్ కనిపిస్తుంది. అయినా ఏ కొట్టుకెళ్ళినా మీరే ఎదురొస్తారు.

మిమ్మల్ని సాగనంపడానికి ముందు సలసల కాగే నీళ్ళు పోశాను. నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మీ పాలిథిన్ వంశం కరగాలంటే అంతకంటే ఎక్కువ కావాలి. హాయిగా తలంటు పోసుకున్నట్టు మెరిశారు. కింద పోర్షన్ అత్తయ్యగారు గోళ్ళరంగు తుడిచే మందు పంపించారు. అందులోని అసిటోన్ థర్మోకోల్‌నైతే కరిగిస్తుంది గానీ మీ జోలికి రాదు. ఇల్లంతా బ్యూటీ పార్లర్ వాసన, అంతే. మా బాబాయ్ ఫోన్‌లోనే తేల్చేశాడు: “స్టవ్ మీద పెట్టి కాల్చెయ్యరా, మసైపోతుంది.” ఆ పని మాత్రం చేయలేదు. ఆ పొగ మేమే పీల్చాలి, కరిగిన చుక్క బర్నర్‌లో పడి అంటుకుంటే అదో టెన్షన్.

ఆఖరికి మీ బలహీనత దొరికింది. చలి! బెజవాడలో ఉండేవాళ్ళెవరికైనా ఉండేదే లెండి. ఐసు ట్రే, చేప ముక్కలు బయటపెట్టి, చెవులు తలుపుకు తగులుతున్నా మూకుణ్ణి బోర్లించి ఫ్రీజర్‌లోకి నెట్టాను. తెల్లారి తీస్తే బిర్రబిగుసుకుపోయి ఉన్నారు. చలికి స్టీలు కంటే మీరే ఎక్కువ ముడుచుకుపోతారు, అక్కడే పట్టు సడలుతుంది. చెక్క గరిటె అంచు ఆనించి తోస్తే, గోడ సున్నం రాలినట్టు టప్‌మని ఒక పెచ్చు లేచింది. ఆ చప్పుడు విని మా ఆవిడ హాల్లోంచి పరిగెత్తుకొచ్చింది. పెళ్ళయ్యాక నన్ను అంత మెచ్చుకోలుగా చూడటం అదే మొదలు. మిగిలిన పొరకు వంటసోడా ముద్ద పట్టించి, నానబెట్టి, పీచుతో తోమాను. (స్టీలు కాబట్టి సరిపోయింది. నాన్‌స్టిక్ అయితే మీతో పాటు దాని పూత కూడా వెళ్ళిపోయేది.)

ఇప్పటికి ‘దయచేయండి’ వచ్చేసింది. ‘మళ్ళీ’ మాత్రం కదలనంటోంది. అందుకని ఈ రాత్రికి కూడా మీ మకాం ఫ్రీజర్‌లోనే. చేప ముక్కలు పాడవకుండా అత్తయ్యగారి ఫ్రిజ్‌కి పంపించాం. ఎందులో పెట్టి పంపించారని మాత్రం అడక్కండి.

ఇట్లు,
గరిటె పట్టుకుని కూర్చున్న
మీ మామగారు